క్లామ్‌ను పీల్చేసే పిరమిడెల్లిడ్ నత్తలను వదిలించుకోవడం ఎలా?

మీ రీఫ్ ట్యాంక్‌లోని (పగడాలు, సముద్ర జీవులు పెంచే ఉప్పునీటి అక్వేరియం) ట్రైడాక్నా క్లామ్ (రెండు పెంకుల పెద్ద సముద్రపు ఆల్చిప్ప) కొన్నాళ్లుగా మాంటిల్‌ని, అంటే పెంకు బయటికి పరుచుకునే మెత్తటి రంగుల కండని, పూర్తిగా విప్పడం లేదు. నీళ్లు టెస్ట్ చేస్తే అన్నీ బాగానే ఉన్నాయి. లైటు మార్చలేదు, కొత్త చేపనీ వేయలేదు. అయినా క్లామ్ రోజురోజుకీ నీరసించిపోతోంది. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది పిరమిడెల్లిడ్ నత్తల్ని. నూక గింజంత ఉండే ఈ తెల్లటి నత్తలు పగలు కనిపించవు. రాత్రి లైట్లు ఆరాక పైకొచ్చి, సన్నటి తొండాన్ని క్లామ్ మాంటిల్‌లోకి గుచ్చి ఒంట్లోని ద్రవాన్ని పీలుస్తాయి. ఒకటి రెండు ఉంటే పెద్ద క్లామ్ తట్టుకుంటుంది. పదుల్లోకి చేరాయంటే మాత్రం ఎంత పెద్దదైనా కుంగిపోతుంది. చిన్న క్లామ్‌కి అంత వ్యవధి కూడా ఉండదు.

ఒక విషయం ముందే చెప్పాలి. ట్యాంక్‌లో పోస్తే ఈ నత్తలు మాత్రమే చచ్చి క్లామ్ బతికే మందు అంటూ ఏదీ లేదు. నత్త, క్లామ్ రెండూ మొలస్కా వర్గానివే. నత్తని చంపే రాగి మందు క్లామ్‌నీ చంపుతుంది, ట్యాంక్‌లోని వెన్నెముక లేని మిగతా జీవుల్నీ చంపుతుంది. కాబట్టి టెన్షన్‌లో చేతికందిన సీసా తీసి పోయకండి. ఇది చేత్తో, బ్రష్‌తో, కొన్ని వారాలపాటు మళ్లీ మళ్లీ చేయాల్సిన పని. చాలామంది ఒక్కసారి శుభ్రంగా తోమేసి వదిలేస్తారు, అక్కడే దెబ్బతింటారు. పెద్ద నత్తలు పోతాయి కానీ గుడ్లు పెంకు మీదే మిగిలిపోతాయి.

మొదటి పని: అవేనా కాదా తేల్చుకోవడం

లైట్లు ఆరిన తర్వాత గంట, రెండు గంటలు ఆగండి. చిన్న టార్చి తీసుకుని, వీలైతే దానికి ఎర్ర కాగితం చుట్టి, క్లామ్ దగ్గరికి వెళ్లండి. పెంకు పై అంచునీ, మాంటిల్ పెంకుని దాటి బయటికొచ్చే చోటునీ నిదానంగా చూడండి. సన్నగా, కోసుగా, తెల్లగా ఉన్న చిన్న చిన్న గింజలు అంచు వెంబడి వరుసగా అతుక్కుని ఉంటే దొంగ దొరికినట్టే. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. పెంకు మీద మెలికలు, మాంటిల్ వైపు చాచిన తొండం కూడా ఒక్కోసారి కనిపిస్తాయి.

పగలైతే వెతకాల్సిన చోట్లు వేరు. క్లామ్ అడుగున, బిస్సల్ దారాలు (క్లామ్ రాయిని పట్టుకోవడానికి వాడే దారాలు) బయటికొచ్చే రంధ్రం చుట్టూ చూడండి. పెంకు మీది పొలుసుల కింద చూడండి. క్లామ్ ఇసుక మీద ఉంటే దాని కింది ఇసుకని కూడా కొద్దిగా కదిపి చూడండి. స్క్వామోసా రకానికి పొలుసులు పెద్దవి, అందుకే దాని మీద ఇవి దాక్కోవడానికి చోటు ఎక్కువ. డెరాసా పెంకు నున్నగా ఉంటుంది, వెతకడం తేలిక. మాక్సిమా, క్రోసియా రకాలకి కింది రంధ్రం పెద్దది, ముందు అక్కడే చూడాలి.

గుడ్లని కూడా గుర్తుపట్టాలి. పెంకు మడతల్లో, పొలుసుల అడుగున చిన్న జిగురు ముద్దల్లా, పారదర్శకంగా ఉంటాయి. పెంకు తడిగా ఉన్నప్పుడు అసలు కనపడవు. పక్క నుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకుంటే జిగురు మెరుస్తుంది, లోపల తెల్లటి చుక్కలు తెలుస్తాయి.

కనిపించిన ప్రతి చిన్న నత్తా శత్రువు కాదు. స్టోమటెల్లా చెవి ఆకారంలో చదునుగా ఉంటుంది. కొలోనిస్టా గుండ్రంగా ఉంటుంది. సెరిత్ నత్త కూడా కోసుగానే ఉంటుంది కానీ పెద్దది, గోధుమరంగు మచ్చలతో ఉంటుంది, అద్దాల మీదా ఇసుక మీదా ఆల్గే తింటూ తిరుగుతుంది. ఇవన్నీ ట్యాంక్‌కి మేలు చేసేవే. ఆకారం చూసి తేల్చుకోలేకపోతే అది ఎక్కడ ఉందో చూడండి. రాత్రి వేళ అద్దం మీద తిరిగే నత్తని వదిలేయండి. రాత్రి తర్వాత రాత్రి క్లామ్ మాంటిల్ అంచునే పట్టుకుని కదలకుండా ఉన్నదాన్ని తీసేయండి.

నత్తలేవీ కనపడకపోతే కారణం వేరే ఉందని అర్థం. ఆల్కలినిటీ (నీళ్ల క్షారగుణం) ఒక్కసారిగా పడిపోయినా, లైటు చాలకపోయినా, ఏదో చేప మాంటిల్‌ని పొడుస్తున్నా, పక్కనున్న ఎనిమోన్ (పువ్వులా ఉండి కుట్టే సముద్ర జీవి) తగులుతున్నా క్లామ్ ఇలాగే ముడుచుకుంటుంది. మాంటిల్ ఒకచోట చిటికెతో నొక్కి పట్టినట్టు ముడతపడి ఉంటే అది పించ్‌డ్ మాంటిల్ అనే వేరే జబ్బు, దాని వైద్యం వేరు. బ్రిసిల్ వార్మ్‌లని (ఒంటి నిండా ముళ్ల వెంట్రుకలుండే పురుగులు) చూసి మాత్రం తొందరపడి నేరం మోపకండి. అవి ఎక్కువగా చావుకి దగ్గరపడిన క్లామ్ వాసనకి వచ్చేవే.

ఇంకో రకం నత్త ఉంది, సిమేటియం. ఇది పిరమిడెల్లిడ్ కంటే చాలా పెద్దది, పెంకు మీద నూగు ఉంటుంది, క్లామ్ లోపలికి దూరి మాంసమే తినేస్తుంది. చిన్న క్లామ్‌కి ఒక్కటి చాలు. కనపడగానే చేత్తో తీసి బయట పడేయండి, రేపటిదాకా ఆగకండి.

క్లామ్ ఎంత నీరసంగా ఉందో చూసుకోండి

పని మొదలుపెట్టే ముందు ఇది తెలియాలి, ఎంత గట్టిగా తోమవచ్చో దీన్ని బట్టే ఉంటుంది. క్లామ్ మాంటిల్ అంచు పొడవునా వందల కొద్దీ చిన్న కళ్లు ఉంటాయి. చెయ్యి నీడ దాని మీద పడగానే ఆరోగ్యంగా ఉన్నది చటుక్కున ముడుచుకుంటుంది. నీడ పడ్డాక ఆలోచించి ఆలోచించి మూస్తుంటే నీరసించిందని అర్థం. నీళ్లు లోపలికి తీసుకునే సైఫన్ రంధ్రం పెద్దగా తెరుచుకుపోయి ఉన్నా, మాంటిల్ పెంకు లోపలికి జారిపోయినా, ముట్టుకున్నా పెంకు మూసుకోకపోయినా పరిస్థితి సీరియస్. అప్పుడు కూడా నత్తల్ని తీయాల్సిందే. కాకపోతే మొదటి రోజు పెంకంతా తోమే బదులు, నీళ్లలోనే ఉంచి పట్టకారుతో కనిపించిన నత్తల్ని మాత్రం తీసేసి, ఒకటి రెండు రోజులు కోలుకోనివ్వండి.

సామాన్లు

కొత్త మెత్తటి టూత్‌బ్రష్ కావాలి. పేస్టు, సబ్బు తగిలిన పాత బ్రష్ వద్దు. పళ్ల సందులు తోముకునే సన్నటి బ్రష్ ఒకటి, టూత్‌పిక్‌లు, మొన సన్నగా ఉన్న పట్టకారు, పదునైన బ్లేడు, భూతద్దం, రబ్బరు గ్లవ్స్ దగ్గర పెట్టుకోండి. పొలుసుల అంచులు కోసుకుంటాయి. ట్యాంక్ నీళ్లలో తెగిన గాయానికి ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా సోకుతుంది కాబట్టి గ్లవ్స్ మానకండి. మూడు గిన్నెల్లో ట్యాంక్ నీళ్లే నింపండి. ఒకటి తోమడానికి, ఒకటి జాడించడానికి, ఒకటి చివర్లో పరీక్షించడానికి. మూడోది తెల్లటి గిన్నె కాకుండా అడుగు ముదురు రంగులో ఉంటే రాలిన తెల్ల నత్తలు వెంటనే కనిపిస్తాయి.

వీలైతే ఒక క్వారంటైన్ ట్యాంక్ (క్లామ్‌ని విడిగా ఉంచే చిన్న ట్యాంక్) కూడా సిద్ధం చేసుకోండి. 40 లీటర్లది చాలు. ఇసుక, రాళ్లు వద్దు. హీటరు, చిన్న పంపు, మెయిన్ ట్యాంక్‌లో ఉన్నంత వెలుగునిచ్చే లైటు, మెయిన్ ట్యాంక్ సంప్‌లో (ఫిల్టర్లు ఉండే కింది తొట్టిలో) నానిన స్పాంజ్ ఫిల్టరు పెట్టండి. నీళ్లు కూడా మెయిన్ ట్యాంక్‌వే పోయండి. కొత్తగా కలిపిన ఉప్పునీళ్లలోకి జబ్బు క్లామ్‌ని దింపితే అది ఇంకో దెబ్బ. క్వారంటైన్ లేకుండా మెయిన్ ట్యాంక్‌లోనే వైద్యం చేయొచ్చు, చాలామంది చేస్తారు కూడా. కానీ అడుగున ఖాళీగా ఉన్న ట్యాంక్‌లో నత్తలకి దాక్కునే చోటు ఉండదు, క్లామ్‌ని తీసి చూడటం తేలిక. నా ఓటు దానికే.

తీయడం

అన్నిటికంటే జాగ్రత్తగా చేయాల్సిన పని ఇదే. క్లామ్ కింది నుంచి వచ్చే బిస్సల్ దారాలు రాయిని పట్టుకుని ఉంటాయి. వాటిని లాగకూడదు. దారాలు పుట్టే గ్రంథి లోపల, పాదం దగ్గర ఉంటుంది. లాగితే దారంతో పాటు ఆ కండ ఊడి వస్తుంది. అలా ఊడిన క్లామ్ తర్వాత కొద్ది రోజులకే చచ్చిపోవచ్చు, అప్పుడు అందరూ నత్తల వల్లే పోయిందనుకుంటారు. రాయి చిన్నదైతే రాయితో సహా తీసేయండి. లేదంటే క్లామ్‌ని ఒక పక్కకి కొద్దిగా వంచి, బ్లేడుని రాయికి ఆనించి, దారాలని రాయి వైపునే కోయండి. కోసిన దారాలు పోయినా ఫర్వాలేదు, క్లామ్ కొత్తవి తయారు చేసుకుంటుంది.

ఎత్తే ముందు చెయ్యి నీడ పడేలా ఆడించి, అది ముడుచుకునేదాకా ఆగండి. మాంటిల్ విప్పి ఉన్నప్పుడు నీళ్లలోంచి ఎత్తితే ఆ బరువుకి మాంటిల్ చిరగొచ్చు. గిన్నెని ట్యాంక్‌లోకి ముంచి, క్లామ్‌ని నీళ్లలోనే దాంట్లోకి చేర్చి, గిన్నెతో పాటు బయటికి తెస్తే అసలు గాలే తగలదు.

తోమడం

మొదటి గిన్నెలో క్లామ్‌ని నీళ్ల కిందే పట్టుకుని, కీలు దగ్గర మొదలుపెట్టి పై అంచు వైపుకి పెంకుని తోమండి. పెంకు గట్టిది, కాస్త గట్టిగా తోమినా ఏం కాదు. మాంటిల్ దగ్గరికి వచ్చేసరికి బ్రష్ ఆపి పట్టకారు తీసుకోండి. ఒక్కో పొలుసు కింద సన్న బ్రష్ దూర్చి రెండు వైపులా తిప్పండి. గుడ్ల జిగురు బ్రష్‌కి రాదు, టూత్‌పిక్‌తోనో బ్లేడు మొనతోనో గీకాలి. ఈ పనికి తొందర పనికిరాదు. పెంకు మీద పెరిగిన ఆల్గే, స్పాంజ్ ముక్కల కింద కూడా గుడ్లు ఉంటాయి, వాటినీ గీకేయండి.

కింది రంధ్రం దగ్గర బ్రష్ వాడకండి. అక్కడ పాదం బయటికే ఉంటుంది, మెత్తగా, తెల్లగా కనిపిస్తుంది. భూతద్దంతో చూస్తూ, దారాల మధ్య ఇరుక్కున్న నత్తలని పట్టకారుతో ఒక్కొక్కటే తీయండి. మొన పాదానికి తగలకూడదు. అంచు చుట్టూ మిగిలిన చిన్నవాటిని చిన్న పిచికారీతో ట్యాంక్ నీళ్లు కొట్టి బయటికి రప్పించొచ్చు.

తర్వాత రెండో గిన్నెలో జాడించి, మూడోదాంట్లో పెట్టి కొన్ని నిమిషాలు వదిలేయండి. గిన్నె అడుగున కొత్తగా నత్తలేమైనా రాలాయేమో చూడండి. రాలితే ఇంకోసారి తోమండి. మధ్యలో పరీక్షించడానికి కొద్ది నిమిషాలు నీళ్ల బయట పెట్టినా క్లామ్‌కి ప్రమాదం లేదు, అలాగని ఫోన్ వచ్చిందని గట్టు మీద వదిలేసి వెళ్లకండి.

వాడిన నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంక్‌లోకి తిరిగి వెళ్లకూడదు. వాటిలో వేడినీళ్లు కలిపి పారబోయండి. బ్రష్‌లనీ వేడినీళ్లలో ముంచి ఆరబెట్టండి.

మంచినీళ్లలో ముంచడం గురించి అందరూ అడుగుతారు. ఈ నత్తల విషయంలో నేను దాన్ని సిఫారసు చేయను. నత్తకి మూత ఉంటుంది, నీళ్లు మారగానే లోపలికి పోయి మూత వేసుకుని కూర్చుంటుంది. గుడ్లకి జిగురు రక్షణ ఉండనే ఉంది. ఇబ్బంది పడేది ఎక్కువగా క్లామే. పించ్‌డ్ మాంటిల్‌కి కొందరు ఆ పద్ధతి వాడతారు, అది వేరే సంగతి.

తిరిగి పెట్టడం

క్లామ్‌ని నీళ్లలోకి దించాక నిటారుగా పట్టుకుని రెండు పక్కలకీ నెమ్మదిగా వంచండి. లోపల గాలి ఉంటే బుడగలుగా వచ్చేస్తుంది. ఇది మర్చిపోతారు చాలామంది, గాలి చిక్కుకుంటే దాన్ని క్లామ్ సొంతంగా బయటికి పంపలేకపోవచ్చు. తర్వాత చదునైన రాతి పలకో, పింగాణీ పలకో వేసి దాని మీద కూర్చోబెట్టండి. కొద్ది రోజుల్లో దానికే అతుక్కుంటుంది, ఇకపై ప్రతిసారీ దారాలు కోయకుండా పలకతో పాటు ఎత్తొచ్చు. క్లామ్ కింద ఇసుక ఉండకపోవడం వల్ల రేపు అక్కడ దాక్కునే నత్తలు కూడా ఉండవు.

ఆ రోజంతా అది ముడుచుకునే ఉండొచ్చు, కంగారు పడకండి. త్వరగా కోలుకోవాలని లైటు పెంచకండి. పాత వెలుగే ఉంచండి. నీళ్లు స్థిరంగా ఉండటమే దానికి అసలైన మందు: ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర, సాంద్రత 1.025 నుంచి 1.026, ఆల్కలినిటీ 8 నుంచి 9 డీకేహెచ్ (టెస్ట్ కిట్‌లో ఆల్కలినిటీ చూపే కొలత), కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, అమ్మోనియా సున్నా. నైట్రేట్ మాత్రం పూర్తిగా సున్నా అవసరం లేదు. క్లామ్ నీళ్లలో కరిగిన నత్రజని సమ్మేళనాల్ని వాడుకుంటుంది, కొద్దిగా నైట్రేట్ ఉంటేనే దానికి మంచిది. ఈ అంకెల్లో ఏదైనా మీ ట్యాంక్‌లో కాస్త అటూ ఇటూ ఉంటే ఒక్క రోజులో సరిచేయాలని చూడకండి. నెమ్మదిగా మార్చండి. క్వారంటైన్‌లో ఫైటోప్లాంక్టన్ (కంటికి కనపడని నీటి ఆల్గే తిండి) విపరీతంగా పోసేవాళ్లున్నారు. క్లామ్‌కి తిండి ఎక్కువగా దాని మాంటిల్‌లో ఉండే సూక్ష్మ ఆల్గే, అంటే జూజాంథెల్లే, వెలుగుతో తయారు చేసేదే. చిన్న ట్యాంక్‌లో మిగిలిపోయిన తిండి అమ్మోనియాగా మారుతుంది.

మళ్లీ, మళ్లీ

మొదటి వారం ప్రతి రాత్రీ టార్చి వేసి చూడండి. అంచు మీద కనిపించినవాటిని నీళ్లలోనే పట్టకారుతో తీసేయండి. దీనికి క్లామ్‌ని కదిపే పనే లేదు. మూడు నాలుగు రోజులకోసారి పలకతో పాటు ఎత్తి, మొదటిసారి చేసినట్టే పూర్తిగా తోమండి. కనీసం 6 వారాలు ఇలా చేయాలి. మధ్యలో ఒక వారం ఏమీ కనపడదు, అయిపోయిందనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మిగిలిన గుడ్ల నుంచి పిల్లలు బయటికొస్తాయి. అవి చుక్కంత ఉంటాయి, భూతద్దం లేకపోతే ఇసుక రేణువులనుకుంటారు. వాటిని వదిలేస్తే త్వరగానే ఎదిగి మళ్లీ గుడ్లు పెడతాయి, అప్పుడు లెక్క మొదటి నుంచీ మొదలు. చివరి నత్త కనిపించిన రోజు నుంచి వరసగా నాలుగు వారాలు శుభ్రంగా ఉంటేనే నేను దాన్ని నయమైనట్టు లెక్కేస్తాను.

క్లామ్ అలసిపోయినట్టుంటే తోమడం వారానికి ఒకసారికి తగ్గించండి, రాత్రి ఏరడం మాత్రం మానకండి. కొన్నాళ్లకి పెంకు పై అంచున తెల్లటి కొత్త పొర కనిపిస్తుంది. క్లామ్ మళ్లీ పెరుగుతోందనడానికి దానికి మించిన గుర్తు లేదు.

మెయిన్ ట్యాంక్ సంగతి

ఒక క్లామ్‌కి పట్టాయంటే పక్కనున్న క్లామ్‌లన్నిటినీ చూడాలి. తర్వాత ట్రోకస్, టర్బో, ఆస్ట్రియా లాంటి పెద్ద నత్తలని కూడా ఒక్కొక్కటే తీసి, పెంకు అంచునీ మూత చుట్టూనీ చూడండి. పిరమిడెల్లిడ్‌లలో వాటిని పీల్చే రకాలూ ఉన్నాయి. మీ క్లామ్ మీదివీ ఇవీ ఒకటే జాతా కాదా అని కంటితో తేల్చడం కష్టం. అందుకే దొరికినవన్నీ తీసేయడమే మంచిది.

చేపల సాయం తీసుకోవచ్చు. సిక్స్ లైన్ రాస్, ఎల్లో కోరిస్, మెలనూరస్ రాస్ ఈ నత్తల్ని ఏరుకుని తింటాయి. వాటి మీదే భారం వేయడం మాత్రం తప్పు. రాస్ చేపలు పగలు తిరుగుతాయి, రాత్రి పడుకుంటాయి. నత్తలు సరిగ్గా దానికి తలకిందులు. చేపకి అందేది పొలుసుల బయట మిగిలినవి, ఇసుకలో తిరిగేవి మాత్రమే, క్లామ్ అడుగున ఉన్నవి అందవు. సిక్స్ లైన్ చిన్న ట్యాంక్‌లో మిగతా చేపల్ని తరుముతుంది కూడా. ఎల్లో కోరిస్‌కి, మెలనూరస్‌కి రాత్రి దూరి పడుకోవడానికి ఇసుక కావాలి కాబట్టి వాటిని ఖాళీ అడుగున్న క్వారంటైన్‌లో పెట్టకండి. ఇవన్నీ మీకు మేలు చేసే చిన్న నత్తల్ని కూడా తింటాయి, అది తెలిసే తెచ్చుకోండి.

వైద్యం జరుగుతుండగా క్లామ్ పెంకు తెరుచుకుపోయి, ముట్టుకున్నా మూయకుండా, చెడు వాసన వస్తుంటే అది పోయినట్టే. వెంటనే తీసేయండి. కుళ్లే మాంసం చిన్న ట్యాంక్ నీళ్లని గంటల్లో పాడు చేస్తుంది. పెంకు అందంగా ఉందని కడిగేసి మళ్లీ ట్యాంక్‌లో పెట్టకండి, గుడ్లు ఇంకా దాని మడతల్లో ఉండొచ్చు. దాచుకోవాలంటే మంచినీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి, ఎండలో బాగా ఆరనిచ్చి బయటే పెట్టుకోండి.

ఇకపై కొనే ప్రతి క్లామ్‌కీ ఇదే వరస. అమ్మేచోటే అడుగు తిప్పి చూపించమని అడగండి. పాదం చిరిగి ఉన్నా, పొలుసుల కింద జిగురు మెరిసినా వద్దనేయండి. ఇంటికి తెచ్చాక ట్యాంక్‌లోకి దింపే ముందే ఒకసారి తోమి, 4 నుంచి 6 వారాలు క్వారంటైన్‌లో పెట్టి రాత్రుళ్లు టార్చితో చూడండి. కొత్త ట్రోకస్ నత్తలు తెచ్చినా అంతే, వాటినీ అదే ట్యాంక్‌లో కొన్ని వారాలు ఉంచి, పెంకులు చూశాకే మెయిన్ ట్యాంక్‌లోకి వేయండి.